ఈశాన్యం మీద బరువు

"ఎండొచ్చింది. మెషిన్ వెయ్యి."

ఫోన్లో ఈ ముక్క పడేసరికి అమృత పప్పన్నం కలిపి మొదటి ముద్ద ఎత్తింది. ముద్ద నోట్లో పెట్టుకుంటూనే లేచి, ఎడమచేత్తో లాండ్రీ తలుపు తోసి, పొద్దున్నే బట్టలు నింపి ఉంచిన వాషింగ్ మెషిన్ బటన్ నొక్కింది. వచ్చి కూర్చుందో లేదో ఇంకో మెసేజ్. "డిష్‌వాషర్ కూడా." మళ్ళీ లేచింది. ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో, చలికాలమైన జూన్ నెల ఎండ దారిన పోతూ గుమ్మంలోంచే పలకరించి పోయే చుట్టంలాంటిది. లోపలికి రమ్మనేలోగా వెళ్ళిపోతుంది. అందుకని కనపడగానే పరుగెత్తాలి. పరుగెత్తమని చెప్పేది ఆమె భర్త శ్రీకర్. అతనుండేది మెల్‌బోర్న్ సిటీలో, ఆఫీసులో. ఇంటి కప్పు మీది సోలార్ ప్యానెళ్ళు ఎంత కరెంటు చేస్తున్నాయో, ఇల్లు ఎంత వాడుతోందో అతని ఫోన్లో యాప్ చూపిస్తుంది. యాప్ అతనికి చెబుతుంది, అతను ఈవిడకి చెబుతాడు, ఈవిడ మెషిన్లకి చెబుతుంది. మెషిన్లకి ఎవరికీ చెప్పే పని లేదు కాబట్టి అవి సుఖంగా తిరుగుతుంటాయి.

ప్యానెళ్ళు పెట్టించి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ ఈ ఇంట్లో ఏ పనీ దాని వేళకి జరగదు, ఎండ వేళకి జరుగుతుంది. పగలు మిగిలిన కరెంటుని కంపెనీకి ఇచ్చేస్తే వాళ్ళు విదిల్చేది నామమాత్రం. పొద్దుగూకాక అదే కరెంటు వాళ్ళ దగ్గర కొనుక్కుంటే మాత్రం వాత పెడతారు. కాబట్టి వచ్చింది వచ్చినప్పుడే వాడెయ్యాలంటాడు శ్రీకర్. మాట న్యాయమైనదే. సోలార్ ఉన్నవాళ్ళందరూ ఎంతోకొంత అదే చేస్తారు. వేసవిలో ఏ ఇబ్బందీ లేదు. ప్యానెళ్ళు దండిగా ఇస్తాయి, ఎవరు ఎప్పుడు ఏ స్విచ్చి వేసినా అడిగేవాడుండడు. చిక్కల్లా మే నుంచి ఆగస్టు దాకానే. మబ్బు మూతేసినట్టు కూర్చుంటే రోజుల తరబడి కదలదు. వేసవిలో ఇచ్చేదాంట్లో పావు వంతు వస్తే అదే గొప్ప. మబ్బుల మధ్య ఏ కాస్త సందు దొరికినా ఆ కాసేపట్లోనే బట్టలు, గిన్నెలు, వేణ్ణీళ్ళు, వంట, ఇంటికి కాస్త వెచ్చదనం, అన్నీ అయిపోవాలి. టైమర్ పెట్టుకోవచ్చుగా అని పక్కవీధి ప్రియ ఓసారి అడిగింది. మెషిన్‌కి పెట్టచ్చు, మబ్బుకి ఎవరు పెడతారు?

అందుకని అమృత రాత్రికి కావలసిన సాంబారు మధ్యాహ్నమే కాస్తుంది. పొద్దున్న ట్యాంకులో ఉన్న వేణ్ణీళ్ళు శ్రీకర్‌కీ కూతురు అనన్యకీ సరిపోతాయి. అమృత మాత్రం మళ్ళీ నీళ్ళు కాగాక, ఇంటి నుంచే చేసే ఉద్యోగంలో కాల్‌కీ కాల్‌కీ మధ్య, గబగబా నాలుగు చెంబులు పోసుకున్నట్టు స్నానం ముగిస్తుంది. ఎండ రాని రోజుల్లో మొహం కడుక్కుని, జడ బిగించుకుని, కెమెరా ఆపేసి పనిలో కూర్చుంటుంది. బడి నుంచి వస్తూనే అనన్య అడిగే మొదటి ప్రశ్న, "మమ్, ఈజ్ ఇట్ ఎ సన్నీ డే ఆర్ ఎ జంపర్ డే?" హీటర్ వేసే రోజా, స్వెట్టర్ వేసుకునే రోజా అని దాని ఉద్దేశం. మొదట్లో అమృతకి నవ్వొచ్చేది. ఇప్పుడు, ఇంట్లో చలేస్తోందని చెప్పడానికి కూడా ఈ పిల్ల ముందు వాతావరణం కనుక్కుంటోందే అని దిగులేస్తోంది.

"నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా." ఇది శ్రీకర్ మాట. అమృత ఇంట్లో ఉండటం నిజమే. ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి ఇంటి నుంచి రోజుకి ఐదుగంటలు ఫోన్లు ఎత్తడమూ నిజమే. అవతల ఎవరో ముసలాయన కారు ఎలా గుద్దుకుందో ఏడుస్తూ చెబుతుంటే ఈవల ఫోన్ టింగుమంటుంది. "పైన పీక్‌లో ఉంది, ఐరన్ చేసుకో." చెవిలో ఆయన ఏడుపు, చేతిలో ఇస్త్రీపెట్టె. ఇంకోరోజు మబ్బుగా ఉంది, తల పగిలిపోతోంది, టీ కోసం కెటిల్ పెట్టింది. నీళ్ళు మరిగేలోగా మెసేజ్ వచ్చేసింది. "గ్రిడ్ నుంచి లాగుతోంది. ఏం వేశావ్?" కెటిల్ అని రాసింది. "మబ్బులో టీ ఏంటి?" అని వచ్చింది. పక్కనే నవ్వు బొమ్మ కూడా పెట్టాడు. పాపం చెడ్డవాడేం కాదు. కానీ పాతిక కిలోమీటర్ల అవతల కూర్చున్న మనిషికి తన కెటిల్ చప్పుడు వినిపిస్తోందన్న సంగతి అమృతకి ఒళ్ళంతా పాకింది. ఆ టీ తాగలేదు. సింకులో పోసేసింది. పోసేశాక, ఎందుకు పోశానా అని తన మీద తనకే కోపం వచ్చింది.

అసలు తిరకాసు వేరే ఉంది. అది ఊళ్ళో ఎవరికీ తెలీదు.

మన దేశంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు, ఈ దేశంలో ఉత్తరం వైపు. అందుకని ఇక్కడ ప్యానెళ్ళు ఉత్తరం కప్పు మీద పెడతారు. బిగించడానికి వచ్చినతనూ అదే చెప్పాడు. కానీ వాళ్ళింటి ఉత్తరం కప్పు ఈశాన్యం మూలకి వచ్చి ఆగుతుంది. శ్రీకర్ ఆ సంగతి వీడియో కాల్లో తెనాలిలో ఉన్న తండ్రికి చూపించాడు. కోటేశ్వరరావుగారు కరెంటాఫీసులో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకి కరెంటు తెలుసు, వాస్తు అంతకన్నా బాగా తెలుసు.

"ఈశాన్యం మీద బరువు పెడతావట్రా? ఇంటికి తలకాయరా అది. నైరుతి మీద వేయించు. అక్కడ ఎంత బరువుంటే ఇంటాయనకి అంత మంచిది," అన్నారాయన.

"ఇక్కడ సూర్యుడు ఉత్తరాన ఉంటాడు నాన్నగారూ."

"సూర్యుడెక్కడుంటే ఏం? ఈశాన్యం ఈశాన్యమే."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. బిగించే అతను "ఆర్ యూ ష్యూర్, మేట్?" అని రెండుసార్లు అడిగి, తనదేం పోయిందని భుజాలెగరేసి, ప్యానెళ్ళన్నీ దక్షిణం కప్పు మీదా పడమర కప్పు మీదా పరిచేసి వెళ్ళాడు. చలికాలంలో దక్షిణం కప్పు సూర్యుడి మొహమే సరిగ్గా చూడదు. పడమర కప్పుకి ఎండ తగిలేది మధ్యాహ్నం దాటాకే. ఆరోజు అమృత ఉండబట్టలేక, "అతను ఉత్తరం వైపే మంచిదంటున్నాడు కదండీ," అంది. "నాన్న ముప్ఫై ఏళ్ళు కరెంటు డిపార్ట్‌మెంట్లో చేశారు. ఫార్మసీ చదివావు, మందుబిళ్ళలు తప్ప నీకేం తెలుసు?" అన్నాడు శ్రీకర్. నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్న మాటకి తిరిగి ఏమీ అనలేం. అనేవాళ్ళకి అదే సౌకర్యం.

మొదటి చలికాలం బిల్లు తడిసి మోపెడైంది, శ్రీకర్ రెండు రోజులు దాన్నే తిప్పి తిప్పి చూశాడు. ప్యానెళ్ళు పీకించి అటువైపు మార్పించాలంటే ముందు తండ్రికి చెప్పాలి. తండ్రికి చెప్పడం కంటే భార్యని పరుగెత్తించడం తేలిక. ఇలా ఎవరూ అనుకుని చెయ్యలేదు, దానంతటది అలా కుదిరిపోయింది. మెసేజ్‌లు అప్పుడే మొదలయ్యాయి. రెండో చలికాలానికి అమృత ఆ విద్యలో ఎంత ఆరితేరిందంటే, కిటికీలోంచి మబ్బు అంచు చూసి ఎండ ఎంతసేపు నిలుస్తుందో చెప్పగలదు. ఇంటి లెక్కలు చక్కబడ్డాయి. శ్రీకర్ ఆ గ్రాఫులు క్రెయిగీబర్న్ తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలెట్టాడు. "మబ్బుల మెల్‌బోర్న్‌లో కూడా సోలార్ సాధ్యమే" అని రాసేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అలాగయింది. జనం అతన్ని సోలార్ శ్రీకర్ అని పిలుస్తున్నారు. అతని మాట మీద ముగ్గురు పెట్టించుకున్నారు కూడా. ఆదివారం కమ్యూనిటీ సెంటర్ హాల్లో మన వాళ్ళందరికీ ఒక టాక్ ఇమ్మని అడిగారు.

ఆ ఆదివారానికి ముందు గురువారం అమృతకి ఫోనొచ్చింది.

అమృత గుంటూరులో ఫార్మసీ చదివి, అక్కడే ఆస్పత్రి మందుల విభాగంలో మూడేళ్ళు పనిచేసింది. ఇక్కడ ఆ చదువు చెల్లాలంటే పరీక్ష పాసై, లైసెన్సున్న ఫార్మసిస్టు దగ్గర కొన్నాళ్ళు పనిచెయ్యాలి. పరీక్ష రాయడానికే పదేళ్ళు ఆగింది. మొదట శ్రీకర్‌కి ఇక్కడ స్థిరపడే అనుమతి, పీఆర్, వచ్చేదాకా అన్నారు. తర్వాత అనన్య పుట్టి బడికెళ్ళేదాకా అన్నారు. ఆ తర్వాత ఇల్లు కొనేదాకా. చివరికి వంటింటి గట్టు మీద పుస్తకాలు పెట్టుకుని చదివి, పాసై, చుట్టుపక్కల శివార్లలో ఉన్న మందుల షాపులన్నీ ఎక్కి దిగింది. ఏడాది పాటు ఒక్కరూ రమ్మనలేదు. ఇప్పుడొక షాపు మేనేజరు, కాస్త పెద్దావిడ, తనే ఫోన్ చేసింది. జూలై మొదటివారంలో చేరాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పని. "సోమవారం పొద్దున్న చెప్పు. నువ్వు రాలేనంటే ఇంకో అమ్మాయి ఉంది," అంది.

ఆ సాయంత్రం చెబితే శ్రీకర్ మొహం నిజంగానే వెలిగింది. "కంగ్రాట్స్ అమ్మూ," అని భుజం తట్టాడు. తర్వాత ఫోన్ తీసి యాప్ చూశాడు. చూస్తూ చూస్తూ నెమ్మదించాడు.

"జూలై అంటే మంచి వింటర్ కదా. సెప్టెంబర్ నుంచి వస్తానని చెప్పు."

"ఆగరండీ. ఇంకో అమ్మాయి ఉందిట."

"ఇంకోచోట దొరుకుతుందిలే. నేనిప్పుడే కదా టాక్ ఇస్తున్నా. సరిగ్గా ఈ వింటర్లో నంబర్లు పడిపోతే జనం మొహం ఎలా చూడను? సెప్టెంబర్‌కి ఎండలొస్తాయి, బ్యాటరీ కూడా పెట్టిద్దాం. రెండు నెలలకి ఏం కొంపలు మునగవు. ఇన్నాళ్ళు ఆగావు కదా."

మర్నాడు తెనాలి నుంచి కూడా మాటొచ్చింది. "ఉజ్జోగం ఎక్కడికీ పోదమ్మాయ్. ఇల్లు కనిపెట్టుకునే మనిషి ఉండాలి," అన్నారు కోటేశ్వరరావుగారు. ఆయన ఎప్పుడూ ఆమె మీద గొంతు పెంచలేదు. పెంచితే బాగుండు, ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేదని అమృత చాలాసార్లు అనుకుంది. నిజం చెప్పాలంటే సరే అన్న మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్ళు ఆగావు కదా అంటే, ఆగడం ఆమెకి వచ్చిన పనైపోయినట్టూ, ఇంట్లో ఇంకెవరికీ ఆ పని చేతకానట్టూ ఉంది. కోపం రావలసింది. రాలేదు. అలవాటైన పనికి ఎవరు కోపగించుకుంటారు? శనివారమంతా బట్టలు మడతపెడుతూ, సోమవారం ఆ పెద్దావిడతో ఏమని చెప్పాలో, బాధ కనపడకుండా ఇంగ్లీషులో ఎలా చెప్పాలో మనసులో నాలుగు రకాలుగా అల్లుకుంది.

ఆదివారం హాలు నిండింది. ఆడవాళ్ళు వెనకవైపు బల్ల దగ్గర సమోసాలు, టీ చూసుకుంటున్నారు. అమృత ఫ్లాస్కుల్లోంచి కప్పుల్లోకి టీ వంపుతోంది. శ్రీకర్ బాగా మాట్లాడతాడు, అందులో వంక పెట్టేదేం లేదు. తెర మీద జూన్ నెల గ్రాఫు వేశాడు. బూడిదరంగు గీత ప్యానెళ్ళు ఇచ్చింది, నీలం గీత ఇల్లు వాడింది. బూడిద గీత లేచిన ప్రతిచోటా నీలం గీత దాని వెంటే లేచింది. జనం ఆహా అన్నారు. అమృత కూడా మొదటిసారి దాన్ని అంత పెద్దగా చూసింది. మంగళవారం ఆ చిన్న మిట్ట, భోజనం మధ్యలో లేచినప్పటిది. గురువారం పొడుగాటి మిట్ట, దుప్పట్లు ఉతికి, స్నానం చేసి, కూర వండినప్పటిది. ఆ నెలంతా తన నడుమునొప్పి తెర మీద నీలం రంగులో కనపడుతోంది.

"దీనికోసం లైఫ్‌స్టైల్ ఏమైనా మార్చుకున్నారా అని అడుగుతుంటారు. ఏం లేదండీ. మామూలుగానే ఉన్నాం. అంతా ఆటోమేటిక్‌గా సెటైపోతుంది," అన్నాడు శ్రీకర్.

ముందు వరసలోంచి ప్రియ చెయ్యెత్తింది. ఆమె వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తుంది, భర్త వివేక్ ఒక గోడౌన్లో. "అన్నయ్యా, మేమిద్దరం పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ ఇంటికి రాం. పగలు ఇంట్లో ఎవరుండరు. మాకూ ఇట్లనే వస్తదా? రేపే సైన్ చేద్దామనుకుంటున్నం."

"వస్తుందమ్మా, ఎందుకు రాదు? ప్యానెళ్ళు అవే చూసుకుంటాయి."

ప్రియకి ఇంకా నమ్మకం కుదరలేదు. వెనక్కి తిరిగింది. "అమృతక్కా, నువ్వు చెప్పు. నిజమేనా?"

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. శ్రీకర్ కూడా చూశాడు, చిరునవ్వుతో, ఏ సందేహమూ లేకుండా. తలూపితే చాలు. అమృత ఎన్నేళ్ళుగానో ఊపుతున్న తలే అది. కానీ ఆమెకి ఉన్నట్టుండి వచ్చే చలికాలం ప్రియ వాళ్ళిల్లు కళ్ళకి కట్టింది. నంబర్లు రావు. వాళ్ళింట్లో వస్తోందిగా, మనింట్లో ఎందుకు రాదంటాడు వివేక్. ఏదో తప్పు తనదేనేమోనని ప్రియ వెతుక్కుంటుంది. కొన్నాళ్ళకి వారంలో ఒక పగటి షిఫ్టు వదులుకుంటుంది, మరికొన్నాళ్ళకి రెండోది. ఎవరూ వదలమని అనరు. అది కూడా దానంతటదే కుదిరిపోతుంది. ఇది తలుచుకునేసరికి, తన విషయంలో మూడ్రోజులుగా రాని కోపం, ప్రియ విషయంలో ఒక్క క్షణంలో వచ్చింది. వచ్చాక అది ఇద్దరిదీ అయింది.

"రాదు ప్రియా," అంది అమృత.

గొంతు పెంచలేదు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. "మా ప్యానెళ్ళు వాస్తు కోసమని దక్షిణం, పడమర కప్పుల మీద పెట్టించాం. నువ్వు ఉత్తరం వైపు పెట్టించుకో, మాకంటే బాగా ఇస్తాయి. సోలార్ మంచిదే. కానీ చలికాలంలో పగలు ఇంట్లో మనిషి లేకపోతే ఆ నీలం గీత అలా రాదు. ఎండొచ్చినప్పుడల్లా లేచి మెషిన్లు వేసింది నేను. ఆటోమేటిక్ కాదు."

వెనక కుర్చీలోంచి రాజారావు అంకుల్, "అయితే అసలు ఇన్వర్టర్ అమ్మాయేనన్నమాట," అన్నారు. అందరూ నవ్వారు. శ్రీకర్ కూడా నవ్వాడు, మొహంలో నెత్తురు లేకుండా. ప్రియ మాత్రం నవ్వలేదు. అమృతనే చూస్తూ నెమ్మదిగా తలూపింది. టీ చల్లారిపోతోంది తీసుకోండని అమృత పక్కనున్న ఆవిడకి కప్పు అందించింది.

తిరిగి వస్తుంటే సన్నగా వాన. వెనక సీట్లో అనన్య చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని నిద్రపోతోంది. సిగ్నల్ దగ్గర కారు ఆపి శ్రీకర్ అన్నాడు.

"పదిమందిలో నన్ను అబద్ధాలకోరుని చేశావు."

"మీరు అబద్ధం చెప్పలేదండీ. మీకు నిజంగా ఆటోమేటిక్‌గానే జరిగింది," అంది అమృత.

ఎత్తిపొడుపుగా అనలేదు. ఆలోచించి, అది నిజమని తోచే అంది. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఈ మనిషి కంప్యూటర్లో ఒక్క అంకె తేడా వస్తే రాత్రంతా కూర్చుని వెతుకుతాడు. అలాంటివాడు ఇంట్లో రెండేళ్ళు ఆ లెక్క ఎలా కుదిరిందో ఒక్కసారి కూడా వెతకలేదే అని ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యంలో కోపం కంటే జాలే ఎక్కువుంది. కానీ జాలిపడి సరే అనడం ఇక ఆమె వల్ల కాదు. ఆ సంగతి ఆమెకి హాల్లోనే తెలిసిపోయింది.

ఇంటి సందు మలుపు తిరిగాక శ్రీకర్ మళ్ళీ అడిగాడు, ఈసారి గొంతు తగ్గించి. "రేపు ఆవిడకి ఫోన్ చేస్తావా?"

"చేస్తాను."

"ఏమని?"

"జూలైలో వస్తానని."

కారు ఇంటి ముందు ఆగింది. అతను ఇంజను ఆపకుండా స్టీరింగ్ పట్టుకునే కూర్చున్నాడు.

"మరి పగలు ఇంట్లో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరండీ," అంది అమృత సీటు బెల్టు తీసుకుంటూ. "ప్యానెళ్ళు ఎంత పనిచేస్తాయో ఈ చలికాలం కొలిచి చూడండి. ఇన్నాళ్ళూ మీరు కొలిచింది నన్ను."